పేరు గొప్ప.. జీతం దిబ్బ!

గదులు ఊడ్చి తుడిచే మనిషి ఇప్పుడు 'హౌస్‌కీపింగ్ అటెండెంట్'. టీలు అందించే ఆఫీస్ బాయ్ 'ఆఫీస్ అసిస్టెంట్'. గేటు దగ్గర వాచ్‌మన్ 'సెక్యూరిటీ ఆఫీసర్'. బైకు మీద బిర్యానీ మోసే కుర్రాడు 'డెలివరీ పార్ట్‌నర్'. దుబాయ్‌లో పుట్టిన టాక్సీ యాప్ కరీమ్ అయితే డ్రైవర్లందరినీ 'కెప్టెన్' అనే పిలుస్తుంది. చూడబోతే గల్ఫ్‌లో మన క్యాంపుల్లో కూలీలే మిగల్లేదు. అందరూ ఆఫీసర్లే!

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, ఇందులో మంచీ లేకపోలేదు. చేసే పనిని బట్టి మనిషిని చులకన చేసే పిలుపులు పోవడం మంచిదే. ఊళ్లో ఎవరైనా 'ఏం పని చేస్తున్నావురా?' అంటే తలెత్తుకుని చెప్పుకుంటాం. పెళ్లి సంబంధాల దగ్గర కూడా ఆ మాటకు విలువుంది. చీపురు పట్టినా, తట్ట మోసినా మనది కష్టార్జితమే. గౌరవం కోరుకోవడంలో తప్పేముంది?

చిక్కల్లా ఒక్కటే. పిలుపు మారిస్తే కంపెనీకి దమ్మిడీ ఖర్చు లేదు. జీతం పెంచితేనే ఖర్చు. అందుకే కొందరు ఏజెంట్లు తీపి పేరును ముందు పెట్టి, అసలు సంగతి కాగితాల అడుగున దాచేస్తారు.

వీసాలో ఏముంది?

బ్యాడ్జీ మీద పేరు కంపెనీ ఇష్టం. వీసా మీద, అఖామా మీద రాసిన వృత్తి మాత్రం సర్కారు లెక్క. వర్క్ పర్మిట్‌లో ఉన్న వృత్తి కాకుండా వేరే పని చేయించకూడదని సౌదీ కార్మిక చట్టం 38వ అధికరణ చెబుతోంది. కాబట్టి మనల్ని ఏమని పిలుస్తున్నారన్నది కాదు, కాగితంలో ఏమని రాశారన్నదే చూసుకోవాలి.

కువైట్ సంగతే తీసుకుందాం. కంపెనీ పనివాళ్లకు 18 నంబరు వీసా, ఇంటి పనివాళ్లకు 20 నంబరు వీసా. 18 నంబరు వాళ్లకు 2010 నాటి కార్మిక చట్టం వర్తిస్తుంది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని. 20 నంబరు వాళ్లకు 2015లో వచ్చిన వేరే చట్టం ఉంది. అందులో పని రోజుకు 12 గంటల దాకా ఉండొచ్చు. కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లే మన ఆడపడుచులకు ఏజెంటు 'హౌస్ మేనేజర్' అని చెప్పినా, చేతికి వచ్చింది 20 నంబరైతే వర్తించేది ఈ రెండో చట్టమే.

బేసిక్ ఎంత?

యూఏఈలో పని మానేసి ఇంటికి వచ్చేటప్పుడు ఇచ్చే సర్వీసు డబ్బులు బేసిక్ జీతం మీదే కడతారు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజుల బేసిక్. ఇద్దరికీ నెలకు 1,200 దిర్హాములే వస్తున్నాయనుకుందాం. 'సూపర్‌వైజర్' అనే పేరున్న మనిషికి అందులో బేసిక్ 600. 'హెల్పర్' అనిపించుకునే మనిషికి 1,000. ఐదేళ్లకు లెక్కేస్తే సూపర్‌వైజర్‌కు 2,100 దిర్హాములు, హెల్పర్‌కు 3,500. పేరు ఒకరిది, డబ్బు ఇంకొకరిది!

అందుకే విమానం ఎక్కకముందే మూడు సంగతులు అడుగుదాం. వీసాలో వృత్తి ఏమని ఉంది? కాంట్రాక్టులో బేసిక్ ఎంత? పని ఎన్ని గంటలు, ఓవర్‌టైం లెక్క ఏమిటి? జవాబు నోటిమాటగా వద్దు, కాగితం మీద చూపించమందాం. అరబీలో ఉంటే చదివించుకుందాం. ఒక జిరాక్సు ఇంట్లో పెట్టి, ఫొటో ఫోన్‌లో దాచుకుందాం. అక్కడికి వెళ్లాక వేరే కాంట్రాక్టు ముందు పెడితే, పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి అదే ఆధారం.

అమ్మకు ఫోన్ చేసి 'ఆఫీసర్‌నయ్యా' అని చెప్పుకుంటే తప్పులేదు. ఆమె సంబరం ఆమెది. సంతకం పెట్టేటప్పుడు మాత్రం పేరు పక్కనున్న అంకె చూసి పెడదాం. నెలాఖరున ఇంటికి చేరేది ఆ అంకే.