మరమగ్గాల మధ్య ఒక పత్రిక

అమెరికా పారిశ్రామికీకరణ అనగానే మన వ్యాసకర్తలు ఉక్కుతోనో రైళ్లతోనో మొదలుపెడతారు. అది కథకు నడిమి భాగం. మొదలు నూలుగుడ్డలో ఉంది. తెలుగు పంతుల్ని కనుక నన్ను పట్టి నిలిపింది గుడ్డ కాదు, దాన్ని నేసిన ఆడపిల్లలు రాసిన పత్రిక.

మాసచూసెట్స్ రాష్ట్రంలో మెరిమాక్ నది ఒడ్డున 1823లో మిల్లు కదిలింది. 1826లో ఆ చోటు లోవెల్ పట్టణమైంది. యంత్రాలను నది తిప్పింది. వాటి ముందు నిలబడ్డది పల్లెల నుంచి వచ్చిన రైతుల కూతుళ్లు. ఇంట్లో ఎంత చాకిరీ చేసినా చేతికి పైసా రాని పిల్లకు ఇక్కడ తన పేరున జీతం వచ్చింది. ఈ మార్పును తక్కువ చేసి చూడటం అభ్యుదయం కాదు. అయితే జీతంతోపాటు గంట కూడా వచ్చింది. నిద్ర లేవడానికి గంట, తిండికి గంట, మిల్లు గేటుకు గంట. వారానికి ఆరు రోజులు, రోజుకు పన్నెండు పదమూడు గంటల పని. కంపెనీ వసతిగృహాల తలుపులు రాత్రి పదికి మూసుకొనేవి. పొద్దును చూసి నడిచిన బతుకు యజమాని గడియారం చేతిలోకి పోయింది.

1834లో కూలి తగ్గించబోతే సుమారు 800 మంది మగ్గాలు వదిలి వీధికెక్కారు. 1836లో వసతి ఖర్చు పెంచినప్పుడు మళ్లీ సమ్మె.

'లోవెల్ ఆఫరింగ్' పత్రిక 1840 నుంచి 1845 దాకా నడిచింది. రచనలన్నీ మిల్లు స్త్రీలవే. 1842లో ఒక్కరోజు లోవెల్ చూసిన చార్లెస్ డికెన్స్ ఆ పత్రికను తన యాత్రాగ్రంథంలో మెచ్చుకొన్నాడు. సారా బాగ్లీ అనే కార్మికురాలు 1840లో అందులోనే మిల్లు జీవితపు సుఖాల గురించి వ్యాసం రాసింది. ఐదేళ్లు తిరిగేసరికి ఆమే పదిగంటల పనిదినం కోరే కార్మిక స్త్రీల సంఘానికి నాయకురాలు! 1845లో శాసనసభ కమిటీ ముందు సాక్ష్యం చెప్పింది. ఇబ్బందులున్నాయని ఒప్పుకొంటూనే, పరిష్కారం తమ చేతిలో లేదని కమిటీ తేల్చింది. దాని అధ్యక్షుడు విలియం షూలర్ కొంతకాలం ఆ పత్రికకు యజమాని.

తన విమర్శనాత్మక రచనలను ఆ పత్రిక తిప్పి పంపిందని బాగ్లీ అదే ఏడు బహిరంగంగా ఆరోపించింది. సంపాదకురాలు హారియెట్ ఫార్లీ కాదన్నది. ఫార్లీ తానూ మిల్లులో పనిచేసినదే, ఆమెను కంపెనీ తొత్తు అనడానికి నాకు మనసొప్పదు. కానీ కూలితో, వసతి ఖర్చుతో పత్రికకు పనిలేదన్నది ఆమె విధానం. మా బడి సంచికకు చాలా ఏళ్లు సంపాదకత్వం చేసినవాణ్ణి. ఎవరూ వద్దనకముందే ఏ వ్యాసం పక్కకు పోతుందో నాకు తెలుసు. పక్కన పెట్టినవాటిలో నా చేతిమీదుగా పోయినవీ ఉన్నాయి.

మరొక మౌనం ఇంతకంటే పెద్దది. లోవెల్ మిల్లుల దూది దక్షిణాది బానిసలు పండించింది. అక్కడ నేసిన ముతకగుడ్డలో కొంత తిరిగి బానిసల ఒంటిమీదికే వెళ్లింది. దానికి 'నీగ్రో గుడ్డ' అనే పేరు. పలు దక్షిణ రాష్ట్రాల్లో బానిసలకు చదువు చెప్పడం నేరం. వాళ్లకు పత్రిక ఎక్కడిది?

రైతుబిడ్డలు క్రమంగా మిల్లులు వదిలారు. 1840ల చివర కరువు తరిమితే వచ్చిన ఐరిష్ వలసజనం ఆ మగ్గాల దగ్గర నిలబడ్డారు. స్త్రీలకు, పిల్లలకు పదిగంటల చట్టం మాసచూసెట్స్‌లో 1874లో వచ్చింది, బాగ్లీ సాక్ష్యం చెప్పిన 29 ఏళ్లకు.