ఒక్క ముక్కలో చెప్పండి!

"పిన్నిగారూ, రెండు గంటలు నిలబడ్డాను. ఒక్కరంటే ఒక్కరు ఆగి చదవలేదు" అంటూ చుట్ట చుట్టిన ఫ్లెక్సీని సోఫాలో పడేసింది మా పక్కింటమ్మాయి. తను స్టాఫ్ నర్సు. నర్సుల సదస్సుకి పోస్టరు పట్టుకెళ్లి వచ్చింది. మంచం పట్టిన రోగులకి ఒంటిమీద పుండ్లు పడకుండా తమ వార్డులో ఏం చేశారన్నది విషయం. నైట్ డ్యూటీల మధ్య పోగేసిన వివరాలవి.

విప్పి చూశాను. చీమల బారుల్లాంటి అక్షరాలు! ఓ పుస్తకమంతా ఎక్కించేసింది.

"ఇంతకీ మీరు చేసిందేమిటో ఒక్క ముక్కలో చెప్పు."

"రెండు గంటలకోసారి మనిషిని పక్కకి తిప్పడం, ఎవరు ఎప్పుడు తిప్పారో మంచం దగ్గరే చీటీలో రాయడం. అంతే. పుండ్లు బాగా తగ్గాయి."

"మరి ఆ ముక్కేదీ?"

వెతగ్గా వెతగ్గా కింద ఓ మూల దొరికింది!

2019లో మైక్ మారిసన్ అనే అమెరికా పరిశోధక విద్యార్థి చెప్పిందీ ఇదే. తేలిన విషయాన్ని పోస్టరు నడుమ పెద్దక్షరాల్లో, మామూలు మాటల్లో పెట్టమన్నాడు. వివరాలు పక్కన ఉంటాయి, మిగతాది క్యూఆర్ కోడ్‌లో.

మీ ఇంట్లోనూ నర్సింగ్ చదివే అమ్మాయి ఉంటే ఈ సంగతులు చెప్పండి. ముందు నిర్వాహకులిచ్చిన కొలత చూసుకోవాలి. ఏ జీరో సైజంటే 84.1 × 118.9 సెంటీమీటర్లు. శీర్షిక 85 పాయింట్లకీ, మిగతా అక్షరాలు 24 పాయింట్లకీ తగ్గకపోతే మంచిది. ఎందుకు చేశాం, ఎలా చేశాం, ఏం తేలింది, ఇకపై ఏం చేయాలి... ఈ వరసలో ఉండాలి. ముగ్గులో చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం వదలమూ? ఇక్కడా అంతే. ఎరుపు, ఆకుపచ్చల తేడా కొందరి కళ్లకి తెలియదు. గ్రాఫులో ఆ రెండింటినీ జత చేయొద్దు. రోగి అనుమతి లేకుండా ఫొటో అసలే వద్దు. చివరగా ఏ ఫోర్ కాగితం మీద అచ్చు తీసి చూడాలి. చేతిలో పట్టుకుని చదవలేనిది గోడమీదా చదవలేరు.

బొమ్మతో ఒప్పించడం నర్సులకి కొత్త కాదు. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకంటే రోగాలతోనే ఎక్కువమంది పోయారని ఫ్లోరెన్స్ నైటింగేల్ 1858లో రంగుల బొమ్మ గీసి చూపించింది. రోగాలకి నీలం, గాయాలకి ఎరుపు. ఆ నీలం ఎంత మేర పరుచుకుందో చూస్తే చాలు, లెక్కలు రానివాళ్లకీ సంగతి అర్థమవుతుంది.

వచ్చేనెల ఇంకో సదస్సుంది. ఇద్దరం కూర్చుని పోస్టరు మళ్లీ తయారుచేశాం. నడుమనున్న పెద్ద వాక్యాన్ని మా అత్తయ్యగారికి తెలుగులో చదివి వినిపించింది ఆ అమ్మాయి. ఆవిడ కాసేపు మాట్లాడలేదు.

"మా అమ్మ ఆర్నెల్లు మంచంలో ఉంది. ఇలా తిప్పాలని మాకెవరూ చెప్పలేదే తల్లీ" అన్నారు.

ఆ అమ్మాయి మాట్లాడకుండా ఆ వాక్యాన్ని ఇంకాస్త పెద్దది చేసింది.