సాయంత్రం బస్సుకల్లా ఇంటికి

హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో జిల్లా బస్సులు దిగే జనాన్ని కాసేపు గమనిస్తే ఎవరెటు పోతారో ఇట్టే చెప్పేయొచ్చు. మడిచిన గోనెసంచులున్నవాళ్లు బేగంబజార్‌కి. ఎక్స్‌రే కవరు చంకన పెట్టుకున్నవాళ్లు ఉస్మానియా ఆసుపత్రికి. గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్లు పక్కనే ఉన్న స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి. చాలా ఏళ్లపాటు ఇక్కడ దిగినవాళ్లలో ఇంకో రకం కూడా ఉండేవారు. పాలిపోయిన మొహంతో ఓ పిల్లాడు, లావుపాటి ఫైలుతో వాళ్లమ్మ, సంచిలో టిఫిన్ డబ్బా. వాళ్లు నయాపూల్ దాటి, సాలార్‌జంగ్ మ్యూజియం వైపు తిరిగి, దారుల్‌షిఫా మీదుగా పురానీ హవేలీకి చేరేవారు. 1595లో కులీ కుతుబ్ షా వైద్యశాల కట్టించిన చోటే ఈ దారుల్‌షిఫా. మూసీకి అటూ ఇటూ ఆసుపత్రుల చరిత్ర అంత పాతది.

పురానీ హవేలీలో, సిటీ సివిల్ కోర్టు ఎదురుగా ఉండేది తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ. జబ్బున్న పిల్లల తల్లిదండ్రులు, కొందరు డాక్టర్లు, దాతలు కలిసి 1998లో పెట్టుకున్నది. మంచాలుంటాయి కానీ రాత్రికి ఎవరూ ఉండరు. పొద్దున వచ్చి, రక్తం ఎక్కించుకుని, సాయంత్రానికి ఇల్లు చేరాలి, మర్నాడు బడికి పోవాలి. డేకేర్ అంటే ఇక్కడ అంతే. ఆ ‘అంతే’ వెనక ఉన్న పనే పెద్దది.

తలసీమియా మేజర్ ఉన్న బిడ్డ పుట్టినప్పుడు బాగానే ఉంటుంది. ఆరు నెలలు దాటాక పాలు తాగదు, బరువు పెరగదు, తెల్లబడిపోతుంది. ఒంట్లో తయారయ్యే ఎర్ర కణాలు నిలవవు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి, జీవితాంతం, ఎవరో ఇచ్చిన రక్తమే ఆధారం. ఉస్మానియా ఆసుపత్రి భవనం పూర్తయిన 1925లోనే అమెరికాలో థామస్ కూలీ అనే పిల్లల డాక్టరు ఈ జబ్బు లక్షణాలను మొదటిసారి రాసిపెట్టాడు. కాకతాళీయమే అయినా గుర్తుండిపోయే సంవత్సరం.

రక్తం ఎక్కించే రోజు ఇలా సాగుతుంది. ముందు శాంపిల్ తీస్తారు. హిమోగ్లోబిన్ రిపోర్టు రాగానే తల్లులు ఒకరినొకరు అడుగుతారు: “ఎంతొచ్చింది అక్కా?” తొమ్మిది పైన ఉంటే ఊపిరి పీల్చుకుంటారు, ఏడంటే మొహాలు మారిపోతాయి. తర్వాత క్రాస్‌మ్యాచ్. దాత రక్తం పిల్లాడికి పడుతుందో లేదో తేలేదాకా ఎదురుచూపే. బరువు చూసి కిలోకి పది నుంచి పదిహేను మిల్లీలీటర్ల లెక్కన ఎక్కిస్తారు. మొదటి పావుగంట చుక్కలు చాలా నెమ్మదిగా వదులుతారు. చలి, దద్దుర్లు, నడుం నొప్పి వస్తున్నాయేమో నర్సు కనిపెట్టుకుని ఉంటుంది. ఆ గండం దాటితే మూడు నాలుగు గంటల పని. సూది గుచ్చేటప్పుడు ఏడ్చిన పిల్లాడే రెండో గంటకి ఫోన్‌లో ఆట ఆడుతుంటాడు, బుగ్గల్లో రంగు తిరుగుతుంది.

అసలు చిక్కు ఎక్కించిన రక్తంతోనే వస్తుంది. ఒక్కో బ్యాగుతో సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లోకి చేరుతుంది. దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు. అది గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. దాన్ని తీసేయడానికి ఒకప్పుడు రాత్రంతా పొట్ట చర్మం కింద సూది పెట్టుకుని పంపుతో మందు ఎక్కించుకునేవారు. ఇప్పుడు చాలామందికి మాత్రలు సరిపోతున్నాయి. తల్లి చేతిలోని ఫైలు అంత లావెక్కేది ఒంట్లో ఇనుము ఎంతుందో చెప్పే ఫెరిటిన్ రిపోర్టులతోనే.

ఇక రక్తం సంగతి. ఎర్ర కణాలను ఫ్రిజ్‌లో 42 రోజులకు మించి ఉంచకూడదు, ఈ పిల్లలకైతే ఇంకా తాజాది కావాలి. కాబట్టి దాచిపెట్టుకుని వాడుకునే సరుకు కాదు. కాలేజీలకు సెలవులిచ్చే ఎండాకాలంలో దాతలు తగ్గిపోతారు, పిల్లల తేదీలు మాత్రం ఆగవు.

సొసైటీ ఇప్పుడు రాజేంద్రనగర్ దగ్గర శివరాంపల్లిలో ఉంది. అక్కడ సొంత బ్లడ్ బ్యాంకు, ల్యాబు ఉన్నాయి. చోటు పెరిగింది, మంచిదే. పాలమూరు బస్సులకు దాని దగ్గరి ఆరాంఘర్ దారిలోనే తగులుతుంది గనక అటువాళ్లకి సులువైంది. నల్లగొండ, వరంగల్ వాళ్లకి మాత్రం ఇమ్లీబన్ బస్టాండులో దిగాక ఇంకో సిటీ బస్సు. నా లెక్కలో డేకేర్ బాగోగులు మంచాల సంఖ్యతో తేలవు. పిల్లాడు ఆఖరి బస్సు అందుకున్నాడా లేదా అన్నదే చూడాలి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం తలసీమియా, సికిల్ సెల్, హిమోఫిలియాలను కూడా వైకల్యాల జాబితాలో చేర్చింది. రైలులో వైద్యానికి పోయే తలసీమియా రోగికీ తోడు వెళ్లేవాళ్లకీ స్లీపర్‌లో 75 శాతం రాయితీ ఉంది. నాంపల్లి స్టేషన్‌లో దిగేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని ఉంటే మేలు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి తలసీమియా రోగులకి నెలకు పదివేల పింఛను ఇస్తున్నారు. కానీ “చూడ్డానికి బాగానే ఉన్నాడుగా” అనే మాట బస్సు సీటు దగ్గర, బడిలో, ఆఖరికి చుట్టాలింట్లో కూడా వినక తప్పదు.

తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లయితే, అంటే తమకు జబ్బు లేకున్నా దాని జన్యువును మోస్తుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. సింధీ, గుజరాతీ, పంజాబీ కుటుంబాల్లో క్యారియర్లు ఎక్కువ. మేనరికాలు చేసుకునే మనమూ నిశ్చింతగా ఉండటానికి లేదు. హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్షతో క్యారియరా కాదా తేలిపోతుంది. సైప్రస్ దేశం 1970ల నుంచి ఈ పరీక్షను పట్టుబట్టి చేయించి, తలసీమియాతో పుట్టే బిడ్డలు దాదాపు లేకుండా చేసుకుంది. మన దగ్గర పెళ్లిచూపుల్లో జాతకం అడిగినంత తేలిగ్గా ఈ రిపోర్టు అడగలేరు.

ఇంకో సంగతి. ఒకప్పుడు ఈ పిల్లలు ఇరవై దాటడమే గగనం. ఇప్పుడు రక్తమూ మాత్రలూ వేళకు అందినవాళ్లు డిగ్రీలు చేసి, ఉద్యోగాల్లో చేరి, పెళ్లిళ్లు కూడా చేసుకుంటున్నారు. పిల్లల కోసం పెట్టిన మంచాల్లో మీసాలొచ్చినవాళ్లు కూడా పడుకుంటారన్నమాట. వీళ్లు అడిగేది బొమ్మల గోడలు కాదు, ఆదివారం అపాయింట్‌మెంటు. నెలకు రెండు సెలవులు రక్తానికే పోతే ఏ యజమాని ఊరుకుంటాడు?