ఒక సర్వర్ ఆగిపోయినా చర్చ ఎందుకు ఆగదు?

తుఫానుకు నెల్లూరు దగ్గరి మైపాడులో కరెంటు పోయి అక్కడి సర్వర్ ఆగిపోయిందనుకోండి. అందులోని చర్చలన్నీ పోతాయా? యూజ్‌నెట్ పద్ధతిలో నడిచేవైతే పోవు. 1979లో అమెరికాలో టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనే విద్యార్థులకు తట్టిన ఆలోచన ఇది. ఇందులో పెత్తనం చేసే సర్వర్ ఉండదు. పాల్గొనే ప్రతి సర్వర్ (నోడ్) దగ్గరా చర్చల సొంత నకలు ఉంటుంది. 1990లలో ప్రవాసాంధ్రులు ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాస్తూ ఇలాంటి చర్చా గుంపులోనే కబుర్లాడుకున్నారు, తెగ వాదించుకున్నారు కూడా!

మరి నోడ్‌ను ఎలా అమర్చాలి? ఏ గుంపుల సందేశాలు కావాలో, వాటిని ఎన్ని రోజులు ఉంచాలో ఫైళ్లలో రాయాలి. అసలు కీలకం సందేశాలు ఇచ్చిపుచ్చుకునే పొరుగు నోడ్‌ల జాబితా. నెల్లూరు ఒక్కటే రాస్తే చాలదు, అదే తుఫానుకు అదీ ఆగొచ్చు. హైదరాబాదు పేరూ చేర్చాలి.

ఈ రెండు పొరుగు నోడ్‌లూ ఒకే సందేశం పంపితే? ప్రతి సందేశానికీ విడి గుర్తింపు ఉంటుంది. అది తన చిట్టాలో కనిపిస్తే నోడ్ ‘నా దగ్గరుంది, వద్దు’ అంటుంది. ఏయే నోడ్‌లు దాటి వచ్చిందో కూడా సందేశం తలమీదే రాసి ఉంటుంది. కాబట్టి వచ్చిన చోటికే తిరిగి వెళ్లదు.

కరెంటు వచ్చాక పొరుగువాళ్లు దాచినవి అందిస్తారు. వాళ్లు సందేశాలు ఉంచే గడువు దాటితే మాత్రం అందవు. అందుకే తీరప్రాంతంలో నోడ్ పెట్టేవాళ్లు గడువు ఎక్కువున్న పొరుగునే ఎంచుకోవాలి.