కెమెరా ఎవరి చేతిలో ఉంది? – టీవీ నేరకథలు, నిఘా, శతకోటీశ్వరులు

1

కిందటేడు మదనపల్లెలో జరిగిన ఒక సాహిత్య అధ్యయన తరగతిలో నేను టెలివిజన్ నేరకథల మీద మాట్లాడాను. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మదనపల్లె, పుంగనూరు ప్రాంతాల డిగ్రీ విద్యార్థులు. కుప్పం నుంచి ముగ్గురు వచ్చారు. ఈ మధ్య చదివిన నవల ఏదని అడిగితే తల వంచుకున్నవాళ్లు, సీరియళ్ల పేరెత్తగానే ఒకరి మాట ఒకరు అందుకున్నారు. నాకు కోపం రాలేదు. మా తరం కొమ్మూరి సాంబశివరావు నవలల్ని పాఠ్యపుస్తకాల మధ్య దాచుకుని చదివినదే. జనం ఆసక్తిగా చూసే దాన్ని చవకబారు అని తోసిపుచ్చటం విమర్శకుడి సోమరితనం. అందులో ఏ భావజాలం ఉంది, అది చూసేవాడి మనసులో ఏ పని చేస్తున్నది అని పరిశీలించటమే విమర్శకుడి బాధ్యత. 'కథాశిల్పం', 'నవలాశిల్పం' రాసిన వల్లంపాటి వెంకటసుబ్బయ్య గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఈ మాట గట్టిగా చెప్పనక్కరలేదు.

నేనొక వాదం సిద్ధం చేసుకుని వెళ్లాను. పుంగనూరు దగ్గరి పల్లెనుంచి వచ్చిన ఒక విద్యార్థిని వేసిన చిన్న ప్రశ్నతో ఆ వాదం సగం చాలదని తేలిపోయింది. నా వాదాన్నీ, ఆ ప్రశ్ననూ కూడా పాఠకుల ముందు పెడుతున్నాను.

2

ముందు మూకుమ్మడి నిఘా అంటే ఏమిటో స్పష్టం చేసుకోవాలి. ఒక మనిషి మీద అనుమానం కలిగి, అతని వెనక వేగులవాణ్ణి పెట్టటం పాత పద్ధతి. తెల్లదొరల కాలంలోనూ అది ఉంది. మూకుమ్మడి నిఘా దానికి తలకిందులు. అందరి వివరాలూ ముందే పోగుచేస్తారు. అనుమానితుణ్ణి ఆ రాశిలోంచి తర్వాత ఏరుకుంటారు. మొదటి పద్ధతిలో అనుమానానికి కారణం రాజ్యం చూపించాలి. రెండో పద్ధతిలో, తాను నేరస్థుణ్ణి కానని పౌరుడు చూపించుకోవాలి. ఈ మార్పు యంత్రాలకు సంబంధించింది మాత్రమే కాదు. పౌరుడికీ రాజ్యానికీ ఉన్న సంబంధమే మారింది.

నేరకథ ఈ మార్పును తనలోకి తెచ్చుకున్నది. కొమ్మూరి వారి డిటెక్టివ్ యుగంధర్ బుద్ధిబలంతో నేరస్థుణ్ణి పట్టేవాడు. 1998లో సోనీ చానల్లో మొదలై ఇరవై ఏళ్లు నడిచి, 2018లో ఆగి, 2024 చివర మళ్లీ మొదలైన 'సి.ఐ.డి.'లో ప్రద్యుమన్ ఆలోచిస్తే దయా తలుపులు పగలగొట్టేవాడు. వారంటు ఏదని ఎవరూ అడగలేదు. మనం కూడా నవ్వుకుంటూ చూశాం. ఇప్పటి సీరియళ్లలో తలుపులు పగలగొట్టే అవసరం తగ్గింది. వాడి ఫోను వినండి, ఆ వీధి కెమెరాలు చూడండి అని అధికారి ఆజ్ఞాపిస్తాడు. పక్కనున్న కుర్రవాడు నాలుగు మీటలు నొక్కగానే ముఖం తెర మీదికి వచ్చేస్తుంది. ఇదీ తలుపు పగలగొట్టటమే. చప్పుడు లేదు గనక మనం గమనించటం లేదు.

ఫోను మాటలు వినాలంటే హోంశాఖ కార్యదర్శి స్థాయి అధికారి లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలనీ, దాన్ని ఒక కమిటీ సమీక్షించాలనీ పి.యు.సి.ఎల్. కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే చెప్పింది. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చారు. సీరియళ్లలో ఈ తీర్పుల జాడ ఎంత? చట్టం కనిపిస్తే అది కథానాయకుడికి అడ్డుతగిలే మందబుద్ధి పై అధికారి రూపంలో కనిపిస్తుంది. ఒకవైపు పసిబిడ్డ ప్రాణం, మరోవైపు సంతకం కాని కాగితం. ఆ కాగితాన్ని చించెయ్యమని చూసేవాడే కోరుకుంటాడు. చట్టాన్ని ఉల్లంఘించమని ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. సన్నివేశ నిర్మాణమే ఆ పని చేసింది. భావజాలం పనిచేసే తీరు ఇదే.

3

ఇక శతకోటీశ్వరుడి సంగతి. మా విద్యార్థులు డబ్బింగుల్లోనూ, ఫోన్లలోనూ చూసే పాశ్చాత్య సీరియళ్లలో ఈ పాత్ర తరచు కనబడుతుంది.

అమెరికాలో 2011 నుంచి 2016 దాకా వచ్చిన 'పర్సన్ ఆఫ్ ఇంట్రెస్ట్' వీటిలో బాగా పేరున్నది. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత హెరాల్డ్ ఫించ్ అనే శతకోటీశ్వరుడు ప్రభుత్వం కోసం అన్ని కెమెరాలనూ, అన్ని ఫోన్లనూ గమనించే యంత్రాన్ని తయారుచేస్తాడు. ప్రభుత్వానికి టెర్రరిస్టులే కావాలి. మామూలు మనుషుల మీద జరగబోయే నేరాలను అది లెక్కచెయ్యదు. వాళ్లను కాపాడే పని ఫించ్ తన సొంత డబ్బుతో చేపడతాడు. ఆ కథలో యంత్రాన్ని ప్రభుత్వానికి ఇచ్చిన ధర ఒక్క డాలరు. విద్యార్థులు ఈ వివరాన్ని గుర్తుంచుకోవాలి. లాభం అన్నది కథలోంచి ఆ ఒక్క డాలరుతో మాయమైపోయింది. లాభం మాయమైతే యజమాని యజమాని కాడు, ఋషి అవుతాడు.

2017లో ఫాక్స్ చానల్లో వచ్చిన 'ఎ.పి.బి.' ఇంకో అడుగు వేసింది. స్నేహితుడి హత్యతో మనసు విరిగిన ఒక సాంకేతిక శతకోటీశ్వరుడు షికాగోలో ఒక పోలీసు స్టేషన్ పరిధిని తన చేతిలోకి తీసుకుని డ్రోన్లు, కెమెరాలు, ఫోన్ యాప్ సమకూరుస్తాడు. దీనికి ప్రేరణ కల్పన కాదు. న్యూ ఆర్లియన్స్‌లో చెత్త సేకరణ వ్యాపారంలో సంపాదించిన ఒక ధనికుడు 2015లో తన డబ్బుతో ఒక పేటకు గస్తీనీ, యాప్‌నూ ఏర్పాటు చేశాడు. పోలీసు వ్యవస్థ ప్రజల పన్నులతో నడవవలసింది. దాన్ని ఒక ధనికుడు నడిపితే ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్న సీరియల్లో రాకపోలేదు. వచ్చిన ప్రతిసారీ ఆ పెద్దమనిషి మంచివాడేనని చూపించి దాన్ని సర్దేశారు.

మరికొన్ని సీరియళ్లలో శతకోటీశ్వరుడు దుర్మార్గుడు. పెంట్‌హౌస్‌లో ఒంటరిగా కూచుని లోకాన్ని గుప్పిట్లో పెట్టుకోవాలనుకుంటాడు. చివరి భాగంలో వాణ్ణి అరెస్టు చేస్తారు. కంపెనీ ఏమైంది? అది పోగుచేసిన వివరాలు ఏమయ్యాయి? కథ అక్కడిదాకా పోదు.

మంచి శతకోటీశ్వరుడు, చెడ్డ శతకోటీశ్వరుడు అనే ఈ ఇద్దరూ ఒకే నమూనాకు రెండు ముఖాలు. సామాజిక సంబంధం కావలసినది వ్యక్తి శీలంగా మారిపోయింది. 2013 జూన్‌లో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాలు చూపించిన వాస్తవం వేరు. అమెరికా గూఢచారి సంస్థ ఒక టెలిఫోను కంపెనీ నుంచి కోట్లాది కాల్ వివరాలు రోజువారీగా తీసుకున్నది. పెద్ద ఇంటర్నెట్ కంపెనీల దగ్గరున్న సమాచారం ప్రిజం అనే కార్యక్రమం ద్వారా దానికి చేరింది. వాటికి సొంత నిఘా ముందునుంచీ ఉంది, మనకు సరుకు అమ్మటానికి. వ్యాపారం కోసం పోగైనది రాజ్యానికి అందింది. కథల్లో శతకోటీశ్వరుడు రాజ్యం మీద తిరగబడే ఒంటరి మనిషి. వాస్తవంలో ఆ ఇద్దరి మధ్యా తగాదాలున్నా పొత్తు ఉంది.

2019లో బి.బి.సి.లో వచ్చిన 'ది క్యాప్చర్'కు మాత్రం మినహాయింపు ఇవ్వాలి. కెమెరా చూపినదే సత్యమా అని అది అడిగింది. గూఢచారులే దృశ్యాలను మార్చి సాక్ష్యంగా పెట్టటం అందులో ఇతివృత్తం. మంచి ప్రశ్న. ఐతే అక్కడ కూడా అబద్ధం చెప్పింది యంత్రం కాదు, దాని వెనకనున్న కుట్రదారులు.

4

నా వాదం ఇంతవరకే. ఒక కుర్రవాడు లేచి, "కెమెరా ఉండబట్టే కదా సార్ గొలుసు దొంగలు దొరుకుతున్నారు?" అన్నాడు. కాదనలేదు. మా వీధిలోనే అట్లా దొరికాడు. ఊరికి వెళ్లేవాళ్లు కోరితే తాళం వేసిన ఇంట్లో మన రాష్ట్ర పోలీసులు కెమెరా పెడుతున్నారు. అడిగినవాడి ఇంట్లో, అడిగినన్ని రోజులు పెట్టే కెమెరాకూ, అడగకుండా అందరి మీదా ఎప్పటికీ ఉండే కన్నుకూ తేడా ఉందని చెప్పాను.

అప్పుడు పుంగనూరు వైపు నుంచి వచ్చిన అమ్మాయి అడిగింది: "సార్, ఆ సీరియల్లో యంత్రం ఎప్పుడూ తప్పు చెప్పదేం?"

ఎందుకమ్మా అన్నాను. వాళ్లమ్మ ఉపాధి హామీ పనికి పోయేది. ఆ పథకంలో రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో తీసి ఫోన్ యాప్‌లో ఎక్కించాలన్న నిబంధనను 2023 జనవరి నుంచి అన్ని పనిచోట్లకూ తప్పనిసరి చేశారు. గుట్ట పక్కన సిగ్నల్ లేదు. రెండో ఫోటో ఎక్కలేదు. మట్టి తవ్విన మాట నిజం, ఆ రోజు కూలి మాత్రం పడలేదు. ఎవర్ని అడిగినా మా చేతిలో లేదన్నారట.

మరుసటి వారం ఆ అమ్మాయి ఊరికి వెళ్లాను. అక్కడొక ముసలమ్మ చెయ్యి చాపి చూపించింది. రాళ్లు మోసి, కలుపు తీసి అరిగిపోయిన వేళ్లు. "ఏలిముద్ర పడ్లేదంట అయివారూ. నేను నేను గాదంట" అన్నది. 2015 నుంచి మన రాష్ట్రంలో రేషన్ దుకాణాల్లో ఈ-పోస్ యంత్రాలు వచ్చాయి. అరిగిన వేలిని అవి గుర్తుపట్టవు. మూడో రోజో నాలుగో రోజో ముద్ర పడితే బియ్యం ఇచ్చారు. ఆ మూడు రోజుల తిరుగుడికి లెక్క లేదు.

నా వాదంలో నేను చూడనిది ఇదే. తెర మీద యంత్రం తప్పు చెయ్యదు. పొరపాటు జరిగితే దుర్మార్గుడెవడో దానిలో చొరబడ్డాడని అర్థం. యంత్రం సరైనదని ఒప్పుకున్న తర్వాత మిగిలే ప్రశ్న ఒక్కటే: అది మంచివాడి చేతిలో ఉందా, చెడ్డవాడి చేతిలో ఉందా? శతకోటీశ్వరుడి కథ పుట్టేది ఆ ప్రశ్నలోంచే. మన ఊళ్లలో దుర్మార్గుడు లేకుండానే యంత్రం తప్పు చేస్తుంది. ఆ తప్పు మొదట పడేది శ్రమతో వేళ్లు అరిగినవాళ్ల మీద, సిగ్నల్ అందని గుట్టల పక్కన పనిచేసేవాళ్ల మీద. శ్రమే నేరమైనట్టు, తాము తామేనని వాళ్లు రుజువు చేసుకోవాలి. ఈ నిఘాలో డిటెక్టివ్ లేడు, హంతకుడు లేడు. అందుకే దీన్ని ఎవరూ సీరియల్ తియ్యలేదు.

5

ఇక్కడ కుప్పం చరిత్ర ఒకటి చెప్పాలి. కుప్పం విద్యార్థులు ముగ్గురికీ ఇది తెలియదు. అప్పటికి వాళ్లు పుట్టలేదు.

2002లో అమెరికా కంప్యూటర్ కంపెనీ హ్యూలెట్ పాకర్డ్, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో 'ఐ-కమ్యూనిటీ' అనే మూడేళ్ల పథకం మొదలుపెట్టింది. పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచారు. కొత్త మార్కెట్ల అన్వేషణ అందులో ఉన్నదన్నది రహస్యం కాదు. ఐతే ఒక విశేషం ఉంది. పొదుపు సంఘాల ఆడవాళ్లు కొందరికి డిజిటల్ కెమెరాలు, సూర్యశక్తితో నడిచే చిన్న ప్రింటర్లు ఇచ్చి ఫోటోగ్రాఫర్లుగా తయారుచేశారు. గుర్తింపు కార్డులకూ, పెళ్లిళ్లకూ ఫోటోలు తీసి వాళ్లు డబ్బు సంపాదించుకున్నారు. 2005 ఫిబ్రవరిలో కంపెనీ అధిపతి కార్లీ ఫియోరినా పదవి పోయింది. పథకం గడువూ తీరింది. పెట్టుబడి వచ్చినట్టే వెళ్లింది.

ఆ పథకాన్ని నేను పొగడటం లేదు. ఒక్క సంగతి గమనించమంటున్నాను. ఆ పథకం రోజుల్లో కుప్పం పల్లెలో ఆడమనిషి చేతిలో కెమెరా ఉంది, దానితో కూలి దొరికింది. 2023లో పుంగనూరు పల్లెలో ఆడమనిషి కెమెరా ముందు నిలబడింది, దానివల్ల కూలి పోయింది. ఆ కెమెరా కూడా ఈ కెమెరా లాంటిదే. అది ఎవరి చేతిలో, ఎవరి అవసరానికి, ఎవరి ముందు జవాబు చెప్పుకుంటూ పనిచేస్తున్నదన్న దగ్గరే తేడా. 2025లో కుప్పంలో టాటా వాళ్ల సహకారంతో డిజిటల్ నెర్వ్ సెంటర్ మొదలైంది. రోగుల ఆరోగ్య వివరాలను కంప్యూటర్లకెక్కించి దూరంలో ఉన్న డాక్టరుకు చూపించే ఏర్పాటు అది. వైద్యం వద్దనేవాడు మూర్ఖుడు. ఐతే ఆ వివరాల మీద రోగికున్న హక్కు ఏమిటని రచయిత అడగాలి.

6

రెండు ఉదాహరణలతో ముగిస్తాను. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి భూముల దస్త్రాలు కాలిపోయాయి. అది ప్రమాదం కాదేమోనని పోలీసులే అనుమానించారు. కూలిమనిషి ఫోటో రోజుకు రెండుసార్లు ఎక్కించాలన్న రాజ్యం దగ్గర భూముల కాగితాలు ఒక్క రాత్రిలో బూడిదయ్యాయి. నిఘా ఎటువైపు చూస్తుంది, ఎటువైపు చూడదు అన్నదే ఇక్కడి నేరకథ. రెండో ఉదాహరణ తెలంగాణది. 2024 మార్చిలో ఫోన్ల ట్యాపింగ్ కేసులో నిందితులుగా అరెస్టయింది పోలీసు అధికారులే. నేరం తేల్చటం న్యాయస్థానం పని. కానీ చట్టాన్ని పక్కకు నెట్టే ఇన్‌స్పెక్టరును చూసి చప్పట్లు కొట్టే ప్రేక్షకుడు ఆ కేసును ఏ కళ్లతో చూస్తాడు?

రావిశాస్త్రి 'ఆరు సారా కథలు'లో నేరమూ, పోలీసూ, కోర్టూ అన్నీ ఉన్నాయి. ఆయన చట్టాన్ని దానికింద నలిగేవాడి వైపు నుంచి చూశాడు. నేటి రచయిత నిఘాను అట్లా చూడాలి. కంప్యూటర్ భాష నేర్చుకోనక్కరలేదు. రేషన్ దుకాణం ముందు ఒక పూట నిలబడితే చాలు. తెర ముందు కూచున్నవాడి కథలు మనకు బోలెడున్నాయి. కెమెరా ముందు నిలబడ్డ మనిషి కథ ఇంకా రావలసి ఉంది.

ఆ ప్రశ్న అడిగిన అమ్మాయిని, వాళ్లమ్మ కథ రాయమన్నాను. "దాంట్లో ట్విస్టు లేదు సార్" అన్నది. రాయమ్మా, అక్కరలేదు అన్నాను.