మిడిల్ పాయింట్ నుంచి రెండు రోజుల గాలం వేట

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో మిడిల్ పాయింట్ ఒక పేట. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో వందకు పదమూడు మంది మాతృభాష తెలుగు. చుట్టాలింటికని శ్రీకాకుళం నుంచో విశాఖ నుంచో వచ్చిన కుర్రాళ్ళకు శని, ఆదివారాల్లో పడవెక్కి చుట్టుపక్కల దీవుల దాకా వేటకు పోవాలనిపించడం సహజమే. తప్పకుండా పోవాలి. అయితే ఇక్కడి సముద్రం మన తీరంలాంటిది కాదు, ఇక్కడి కట్టుబాట్లూ వేరు.

ముందు లోతు సంగతి చూద్దాం. బర్మాలోని అరకాన్ కొండల వరస సముద్రంలో మునిగి దక్షిణానికి సాగింది. ఆ కొండల కొనలే ఈ దీవులు. అందుకే ఒడ్డు దాటిన కాసేపటికే అడుగు నేల నిట్టనిలువుగా దిగిపోతుంది. ముంబై హై చమురు బావులు తీరానికి 160 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి, అక్కడ కూడా లోతు సుమారు 75 మీటర్లే. ఇక్కడ దీవులకు తూర్పున అండమాన్ సముద్రం కొన్నిచోట్ల 3,000 మీటర్లు దాటుతుంది. ప్రవాహం పగడపు దిబ్బల అంచును ఒరుసుకుంటూ పోయే చోట చిన్న చేప గుమిగూడుతుంది. దాని కోసం కోనాం, సూర, పెద్ద పార వస్తాయి. అదృష్టముంటే కొమ్ము కోనాం కూడా కనిపిస్తుంది. వేరేచోట్ల రోజంతా ప్రయాణిస్తే గానీ దొరకని లోతునీటి వేట ఇక్కడ పొద్దెక్కేలోపే అందుతుంది.

మన గడియారం నడిచే రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుంది. అండమాన్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది కనుక సూర్యుడు నలభై నిమిషాలు ముందే లేస్తాడు. చీకటితోనే బయలుదేరకపోతే మంచి వేళ దాటిపోతుంది. పంచాంగమూ చూసుకోవాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటూ ఆటూ బలంగా ఉంటాయి, అష్టమి దగ్గర మందగిస్తాయి. నీటి కదలికను బట్టే చేప మేతకు వస్తుంది.

అల ఎత్తు, గాలి వేగం ముందే చెప్పే సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉంది. ఇన్‌కాయిస్ అనే ఆ కేంద్రం ఉపగ్రహాలు పంపే సముద్రపు వేడిమి, నీటిలోని పచ్చదనం లెక్కలు చూసి చేప చేరే అవకాశమున్న చోట్లను కూడా జాలరులకు తెలియజేస్తుంది. బయలుదేరే ముందురోజు రాత్రి ఆ సూచన చదవకుండా పడవ ఎక్కకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

ఇక ఎక్కడ వేటాడకూడదో చూద్దాం. వండూరు దగ్గర 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సముద్ర జాతీయవనంలో పదిహేను దీవులున్నాయి. ఆ నీళ్ళలో గాలం వెయ్యడం నేరం. హావ్‌లాక్ అని అందరూ ఇప్పటికీ పిలిచే స్వరాజ్ ద్వీప్ పొరుగునే 1996లో రాణీ ఝాన్సీ జాతీయవనం ఏర్పడింది. అక్కడా అంతే. చాలా చిన్న దీవులు అభయారణ్యాలు, అనుమతి లేనిదే ఒడ్డున కాలు పెట్టరాదు. బయటివారితో సంబంధం లేకుండా బతికే ఆదివాసుల దీవి ఉత్తర సెంటినెల్ చుట్టూ 5 నాటికల్ మైళ్ళ లోపలికి ఎవరూ పోకూడదు. 2006 జనవరిలో ఆ దీవి దగ్గర లంగరేసి నిద్రపోయిన ఇద్దరు జాలరులు, రాత్రి పడవ ఒడ్డుకు కొట్టుకుపోవడంతో దీవివాసుల చేతుల్లో చనిపోయారు. వారి నేలను వారికి వదిలెయ్యడమే న్యాయం. పైగా బయటి నుంచి మనం మోసుకెళ్ళే మామూలు జలుబు కూడా వారి ప్రాణం తియ్యగలదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలోలాగే ఇక్కడా మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. ఆ తర్వాత కూడా వానాకాలమే. పర్యాటకులకు డిసెంబరు నుంచి మార్చి దాకానే అనుకూలం.

పట్టిన చేపను ఏం చెయ్యాలి? దీని మీద మనవాళ్ళు పెద్దగా మాట్లాడరు. రాతి సందుల్లో ఉండే బొంత జాతుల్లో చాలావరకు ఆడవిగా పెరిగి, పెద్దయ్యాక మగవిగా మారతాయి. పెద్దవాటినే ఏరి పట్టుకుపోతే ఆ దిబ్బలో మగచేప కరవై, గుడ్లు ఫలించవు. భారీ బొంత, తిమింగల సొర చట్టం రక్షించే జాతులు. పెద్ద పారను ఫోటో తీసుకుని వదిలే అలవాటు ఇక్కడ గాలం వేటగాళ్ళలో ఉంది, అది మంచి అలవాటు. దానికి ముల్లు నొక్కేసిన ఒంటి గాలం కావాలి. చేతులు తడిపి పట్టుకోవాలి, నీళ్ళ బయట ఎక్కువసేపు ఉంచకూడదు. బాగా లోతు నుంచి లాగిన చేపకు మాత్రం లోపలి గాలితిత్తి ఉబ్బిపోతుంది. పైపైన వదిలితే అది తిరిగి అడుగుకు దిగలేక చస్తుంది. కాబట్టి లోతులో రెండు చేపలు పడ్డాక అక్కడ ఆపి, తినడానికి చాలినంతే తెచ్చుకోండి.

పడవకు మత్స్యశాఖ లైసెన్సు ఉందో లేదో అడిగి చూడండి. మనిషికొక లైఫ్ జాకెట్, పనిచేసే రేడియో లేని పడవ ఎంత చవకైనా వద్దనండి. తిరిగొచ్చే వేళ ఇంట్లో చెప్పి వెళ్ళండి. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్ గార్డ్ నంబరు 1554.