చారులో గోధుమ ఎక్కడిది?

పోయిన మాఘమాసంలో పుంగనూరులో మా ఆడపడుచు కూతురి పెళ్లి. బంతిలో కూర్చున్నాను. ఆకులో ఓళిగ పడబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాను. పూరీ వద్దన్నాను. సేమ్యా పాయసం వద్దన్నాను. "ఏం అమ్మణ్ణీ, మా ఇంట్లో పెండ్లికి వచ్చి ఒట్టి ఆకు ముందర కూర్చుంటావా?" అని మా వదిన మొహం చిన్నబుచ్చుకుంది. పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? వేడి వేడి అన్నంలో పప్పు, ఆ పైన చారు పోయించుకుని కడుపునిండా తిన్నాను. అన్నం, పప్పు, చారు. ఇందులో గోధుమ ఎక్కడుందో మీరే చెప్పండి!

ఆ రాత్రి మదనపల్లె చేరేసరికి కడుపు ఉబ్బి డోలు అయింది. తెల్లవార్లూ విరేచనాలు, తలనొప్పి. మూడు రోజులు మంచం దిగితే ఒట్టు. "పెళ్లిలో పదిమంది కళ్లూ పడ్డాయి" అంటూ మా అత్తగారు ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేశారు. ఆవిడ ప్రేమను కాదనలేను గానీ, నాకు తగిలింది దిష్టి కాదు.

నాకున్నది సీలియాక్ జబ్బు. గోధుమ, బార్లీ, రై గింజల్లో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. చపాతీ పిండి తడిపితే జిగురుగా సాగేది దాని మూలంగానే. అందరికీ అది హాని చెయ్యదు. మాలాంటి వాళ్లకి మాత్రం అది లోపలికి పోయిందంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే తిరగబడి చిన్నపేగు లోపలి పొరని దెబ్బతీస్తుంది. మఖమలు గుడ్డ మీద నూగులాంటి ఆ పొర అరిగిపోతే తిన్నది ఒంటబట్టదు. ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు మింగినా నాకు రక్తం ఎందుకు పట్టలేదో, రక్తపరీక్ష చేసి, ఎండోస్కోపీలో పేగు ముక్క తీసి చూస్తే గానీ తెలియలేదు. అప్పటికి నాకు ముప్ఫయ్యారేళ్లు. అంతవరకూ "సన్నబడాలని తిండి మానేస్తోంది" అన్న మహాతల్లులూ ఉన్నారు!

దీనికి మందు లేదు. జీవితాంతం ఆ గింజలు మానడమే వైద్యం. ఈ సంగతి నిలబెట్టినవాడు డికె అనే హాలెండు పిల్లల డాక్టరు. ఆయనకి ముందునుంచీ అనుమానం ఉండేదిట. 1944-45 చలికాలంలో, యుద్ధంవల్ల అక్కడ కరువొచ్చి రొట్టె దొరకని రోజుల్లో ఈ జబ్బు పిల్లలు తేరుకోవడం చూశాక అది బలపడింది. 1950లో గ్రంథం రాశాడు. మన దేశం సంగతికొస్తే, 2016లో వెలువడిన ఒక పరిశీలనలో ఉత్తరాదిన వెయ్యికి పన్నెండు మంది రక్తంలో ఈ జబ్బుని సూచించే యాంటీబాడీలు కనిపిస్తే దక్షిణాదిన వెయ్యికి ఒక్కరిలోనే కనిపించాయి. అందుకే మనవైపు చుట్టాలకి చెబితే వింతగా చూస్తారు.

"మనకేం కష్టం? రాగి సంగటి తినే సీమ మనది, చపాతీ మానేస్తే సరి" అనుకున్నాను నేనూ. ఏడాదిగా మానేశాను కూడా. అయినా రక్తపరీక్షలో ఆ అంకె దిగాల్సినంత దిగలేదు. "ఎక్కడో తింటున్నావమ్మా" అని డాక్టరు అంటే నాకు ఏడుపొచ్చింది.

మూడోరోజు కుప్పం నుంచి మా చెల్లెలు దిగింది. దానిది పోలీసు బుద్ధి. "అక్కా, పెళ్లిలో ఏమేం తిన్నావో వరసగా చెప్పు" అని కాగితం పెట్టుకు కూర్చుంది. వంటాయనకి ఫోను చేసింది. "చారులోకి ఇంగువ వెయ్యకుండా ఎట్లమ్మా?" అన్నాడాయన. అది తిన్నగా మా వంటింట్లోకి వెళ్లి పోపుల గూట్లోని ఇంగువ డబ్బా తెచ్చి, వెనక్కి తిప్పి నా మొహం ముందు పెట్టింది. చిన్న అక్షరాల్లో ఉంది: బంక, గోధుమ పిండి, ఇంగువ.

పెళ్లి చారు సంగతి పక్కన పెట్టండి. అక్కడ ఇంగువే చేసిందో, ఓళిగలు ముట్టిన చేత్తోనే అన్నం వడ్డించారో నేను రుజువు చెయ్యలేను. కానీ ఏడాదిగా నా చేత్తో, నా ఇంట్లో, రోజూ పోపులో వేసుకుంటున్నది ఇదే కదా! ఆ క్షణంలో నాకు కలిగిన సిగ్గు ఇంతా అంతా కాదు.

ఆ పూటనుంచే వెతుకులాట మొదలైంది. రాగులు ఆడించే పిండి మిషను అడిగితే అంతకుముందు ఆడింది గోధుమలేనన్నాడు. ఇప్పుడు రాగులు కడిగి, ఆరబోసి ఇంట్లోనే మిక్సీలో వేసుకుంటున్నాను. చపాతీ పెనం మీద నా దోసె పొయ్యడం లేదు. ఉప్మారవ్వ గోధుమదే, అది మీకు తెలుసు. బార్లీ మాల్టు కలిసిన పాలపొడులు, సోయాసాసు సంగతి చాలామందికి తెలియదు. ఓట్సులో కూడా గోధుమ కలిసిపోతూ ఉంటుంది. పొట్లం మీద 'గ్లూటెన్ లేనిది' అని వేసుకోవాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములకి మించకూడదని మన ఆహార నిబంధన. ఇంగువలో బియ్యప్పిండి కలిపినవీ దొరుకుతున్నాయి, చదివి కొనుక్కోవాలంతే.

ఇంత జాగ్రత్తపడినా ఎప్పుడో ఒకప్పుడు పొరపాటు జరగదా? జరుగుతుంది. లోపలికి పోయినదానికి విరుగుడు లేదు. గొంతులో వేలు పెట్టి కక్కుకోవడం, లంఖణాలు చెయ్యడం లాంటివి వద్దు. ఓఆర్ఎస్ నీళ్లు కొంచెం కొంచెంగా తాగడం, అన్నం గంజి, మెత్తటి అన్నం, పడుకోవడం. పేగు రేగి ఉన్నప్పుడు పాలు నాకు పడవు, నాలుగు రోజులు మానేస్తాను. వాంతులు ఆగకపోయినా, రక్తం పడినా, నోరెండి మూత్రం తగ్గినా ఇంట్లో కూర్చోకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఇంకొకటి. "ఎటూ చెడింది, ఇంకో ఓళిగ తిందాం" అనే బుద్ధి ఉంటుంది చూడండీ, అది మహా ప్రమాదం. బాధ కనిపించకపోయినా చిటికెడు చిటికెడుగా రోజూ పోతే పేగు మానదు.

మరోమాట. ఇది చదివి నీరసంగా ఉన్నవాళ్లంతా రేపే గోధుమ మానెయ్యకండి. పరీక్షకి ముందే మానేస్తే జబ్బు ఉన్నా బయటపడకపోవచ్చు.

కథలు రాసుకునేదాన్ని కనక ఇదే కథ అయితే మా అత్తగారిని గయ్యాళిని చేసేదాన్నేమో. నిజానికి ఇంగువ డబ్బా తీసుకెళ్లి పక్కింటివాళ్లకి ఇచ్చేసి వచ్చింది ఆవిడే. చారులో ఇప్పుడు వెల్లుల్లి దంచి వేస్తున్నారు. శ్రావణంలో మా వదిన నోముకి పిలుస్తూ, "కొత్త గరిటె కొన్నాను అమ్మణ్ణీ, నీ గిన్నె వేరే పెట్టిస్తా" అంది. వెళ్లాను, తిన్నాను, ఏమీ కాలేదు. తిరిగొచ్చాక గుమ్మంలోనే మా అత్తగారు ఆపేశారు. చేతిలో ఉప్పూ మిరపకాయలూ.